ఇంట్లో ముగ్గురికీ కంటి పుసులే... ఒకే చుక్కల మందు వేయొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది ఖమ్మం జిల్లాలో ఒక పల్లె. మా ఇంట్లో ముగ్గురు కంటి పుసులతో బాధపడుతున్నారు. చిన్నబాబుకు అయిదు నెలలు. పుట్టిన రెండు మూడు వారాల నుంచి ఎడమ కంట్లో నీరు నిలిచి ఉంటుంది. నిద్ర లేచేసరికి రెప్పలు అతుక్కుపోతాయి. పెద్దబాబుకు ఎనిమిదేళ్లు. రెండేళ్లుగా ఎండాకాలం వస్తే చాలు, కళ్లు ఎర్రబడి ఒకటే నులుముకుంటాడు. తెల్లగా తీగలా సాగే పుసి వస్తుంది, నేనే కొంగుతో తీస్తుంటాను. మా అత్తమ్మకు అరవై దాటాయి, షుగర్ ఉంది. పొద్దున్నే ఆమె రెప్పల వెంట్రుకలకు పొట్టులాంటిది అంటుకుని ఉంటుంది. కుడికన్ను ఏడాదిగా నీళ్లు కారుతూనే ఉంది. ముక్కు పక్కన నొక్కితే చీములాంటిది వస్తుంది. ఆ కంటికే శుక్లం ఆపరేషన్ చేయించుకోమన్నారు. మెడికల్ షాపులో అడిగితే ఒక చుక్కల మందు ఇచ్చారు, ముగ్గురికీ అదే వేస్తున్నాను. రెండు రోజులు తగ్గినట్టుంటుంది, మళ్లీ మామూలే. ఇది ఒకరి నుంచి ఒకరికి అంటుకుందా? ఒంట్లో వేడి వల్ల అంటున్నారు, నిజమేనా? బాబు కంట్లో చనుబాలు పిండమని అత్తమ్మ అంటోంది. ఏం చేయమంటారు? సీసా మీద ఉన్న మందుల పేర్లు కింద రాశాను.
– ఒక సోదరి

సమాధానం: అమ్మా, మందుల పేర్లు చూసి రాసి పంపడం చాలా మంచి పని చేశారు. అందులో రెండు మందులు కలిసి ఉన్నాయి. మాక్సిఫ్లాక్సాసిన్ అనేది యాంటీబయాటిక్. రెండోది డెక్సామెథాసోన్, అది స్టెరాయిడ్. నన్ను కంగారు పెట్టింది ఈ రెండోదే. మిగతావన్నీ తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఆ సీసా పక్కన పెట్టేయండి. పెద్దబాబును ఈ వారంలోనే కంటి డాక్టరుకు చూపించండి.

ఎందుకంత తొందర అంటే, స్టెరాయిడ్ చుక్కలు ఎరుపునూ దురదనూ ఇట్టే తగ్గిస్తాయి. అందుకే 'భలే మందు' అనిపిస్తుంది, మళ్లీ మళ్లీ కొంటారు. డాక్టరు చూసి, ఇన్ని రోజులు అని లెక్క చెప్పి ఇస్తే అది మంచి మందే. లెక్కాపత్రం లేకుండా నెలల తరబడి వేస్తే మాత్రం కొందరిలో కంటి లోపలి ఒత్తిడి పెరుగుతుంది. పిల్లల్లో అది ఇంకా త్వరగా పెరగొచ్చు. ఆ ఒత్తిడికి నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. చూపు పక్కల నుంచి తగ్గుకుంటూ వస్తుంది కాబట్టి పిల్లవాడికి తెలియదు, మీకూ తెలియదు. దాన్నే గ్లకోమా, నీటికాసులు అంటారు. అలా పోయిన చూపు మళ్లీ రాదు. చిన్న వయసులోనే శుక్లం రావడానికీ ఈ చుక్కలు కారణమవుతాయి. మీ బాబుకు అలా అయిందని నేను అనడం లేదు. ఆ చుక్కలు ఎన్నాళ్లుగా వేస్తున్నారో మీరు రాయలేదు, ఎన్నాళ్లయినా ఒత్తిడి ఎంత ఉందో ఒకసారి కొలిపించాల్సిందే. ఆ పరీక్షకు నిమిషాలు చాలు. 'ఫలానా స్టెరాయిడ్ చుక్కలు ఇన్నాళ్లు వేశాం, ప్రెషర్ చూడండి' అని నోరు తెరిచి చెప్పండి, సీసా కూడా చూపించండి.

ఇక మీ ప్రశ్నకు వస్తాను. పుసి పట్టడమే ఒక జబ్బు కాదు. మన కంటి మీద ఎప్పుడూ పల్చటి తడి పొర ఉంటుంది. అందులో నీరు ఉంటుంది, రెప్పల అంచుల్లోని గ్రంథుల నుంచి వచ్చే నూనె ఉంటుంది, కంటి పైపొర తయారుచేసే జిగురు ఉంటుంది. మనం రెప్ప వేసినప్పుడల్లా ఆ తడి దుమ్మూధూళితో సహా ముక్కు వైపు మూలకు చేరి, అక్కడి సన్నటి రంధ్రాల గుండా కన్నీటి సంచిలోకి, అక్కడి నుంచి నాళం గుండా ముక్కులోకి దిగిపోతుంది. నిద్రలో రెప్ప వేయం కాబట్టి మిగిలింది మూలలో గట్టిపడుతుంది. పొద్దున్నే కాస్త పుసి ఉండటం అందరికీ మామూలే. అది ఎక్కువైందంటే మూడింట్లో ఒకటి జరిగి ఉంటుంది. పైపొరకు సూక్ష్మజీవులు సోకి చీము పుట్టడం, ఎలర్జీ వల్లో పొడిబారడం వల్లో జిగురు ఎక్కువ రావడం, లేదంటే దారి మూసుకుపోయి లోపలిది బయటికి పొంగడం. మీ ఇంట్లో ముగ్గురి పుసీ మూడు రకాలు. ఒకరి నుంచి ఒకరికి అంటుకున్నది కాదు. అందుకే ఒకే మందు ముగ్గురికీ కుదరలేదు.

చిన్నబాబు సంగతి చూద్దాం. పుట్టిన కొద్ది వారాలకే మొదలవడం, ఒక్క కంట్లోనే ఉండటం, తెల్లగుడ్డు ఎర్రబడకపోవడం (ఎరుపు గురించి మీరేమీ రాయలేదు కాబట్టి లేదనే అనుకుంటున్నాను), ఇవన్నీ కన్నీటి నాళం ఇంకా పూర్తిగా తెరుచుకోలేదని చెబుతున్నాయి. నాళం ముక్కులోకి తెరుచుకునే చోట సన్నటి పొర ఉంటుంది. చాలామంది పిల్లలకు అది పుట్టేనాటికి తెరుచుకుంటుంది, కొందరికి ఆలస్యమవుతుంది. తూము మూసుకుంటే చెరువు గట్టు మీదుగా పొర్లినట్టు, కన్నీరు బుగ్గ మీదికి కారుతుంది, నిలిచినది చిక్కబడి పుసి అవుతుంది. పదిమందిలో తొమ్మిదిమందికి ఏడాది నిండేలోపు అదే తెరుచుకుంటుంది. మీరు తోడుగా చేయాల్సింది మర్దన.

దాన్ని సరిగ్గా చేయడం ముఖ్యం, అందుకే వివరంగా రాస్తున్నాను. గోరు బాగా కత్తిరించుకుని, సబ్బుతో చేతులు కడుక్కోండి. పాలు తాగుతున్నప్పుడో నిద్రమత్తులో ఉన్నప్పుడో అయితే బాబు కదలడు. కంటి లోపలి మూలకూ ముక్కు ఎముకకూ మధ్య చిన్న గుంటలా తగులుతుంది, కన్నీటి సంచి అక్కడే ఉంటుంది. చూపుడు వేలి మెత్తటి భాగం అక్కడ ఆనించి, కొంచెం గట్టిగా నొక్కి, ఆ నొక్కు వదలకుండా ముక్కు పక్కగా కిందికి జార్చండి. పై నుంచి కిందికే, మళ్లీ పైకి రుద్దకూడదు. ఒక విడతకు పదిసార్లు, రోజుకు మూడు నాలుగు విడతలు. చాలామంది తల్లులు చర్మం మీద ఊరికే నిమురుతారు, దానివల్ల ఉపయోగం లేదు. వేలి కింద నొక్కు తెలియాలి, అలాగని బాబు ఏడ్చేంత నొప్పి పెట్టకూడదు. మొదటిసారి ఆసుపత్రిలో నర్సమ్మ చేత చేయించి చూస్తే మీకు చేతికి వస్తుంది. నొక్కినప్పుడు కాస్త పుసి పైకి వస్తే భయపడకండి. మరగబెట్టి చల్లార్చిన నీళ్లలో దూది ముంచి, ముక్కు వైపు నుంచి చెవి వైపుకు ఒక్కసారి తుడిచి ఆ దూది పారేయండి. రెండోసారికి కొత్త దూది.

యాంటీబయాటిక్ చుక్కలు రోజూ అక్కర్లేదు. పుసి పచ్చగా చిక్కబడి, కన్ను ఎర్రబడినప్పుడు డాక్టరు చెప్పినన్ని రోజులు వేస్తే చాలు. ఏడాది నిండినా తగ్గకపోతే సన్నటి తీగతో ఆ పొరను తెరుస్తారు. చిన్న పనే, కాని మత్తు ఇచ్చి చేయాల్సి ఉంటుంది. ఈలోగా ముక్కు మూల దగ్గర ఎర్రగా వాచి, ముట్టుకుంటే బాబు గుక్కపట్టి ఏడుస్తుంటే, జ్వరం వస్తే ఆ రోజే తీసుకెళ్లండి. నల్లగుడ్డు మామూలు కన్నా పెద్దగా లేదా మసకగా కనిపిస్తున్నా, వెలుతురు చూడలేక కళ్లు గట్టిగా మూసుకుంటున్నా ఆగకండి. అది నాళం సంగతి కాదు, పిల్లల్లో పుట్టుకతో వచ్చే గ్లకోమా కావచ్చు.

ఇది చదివే మిగతా తల్లులకు ఒక మాట. పుట్టిన నెలలోపు పాప కళ్లు వాచి, చీము కారుతుంటే మర్దన చేస్తూ కూర్చోవద్దు. కాన్పు సమయంలో తల్లి నుంచి సోకే గనేరియా, క్లమీడియా వంటి సూక్ష్మజీవుల వల్ల కావచ్చు. గనేరియా అయితే నల్లగుడ్డుకే చిల్లు పడే ప్రమాదం ఉంది, గంటలు కూడా ముఖ్యమే.

చనుబాల గురించి అడిగారు. మీ అత్తమ్మ ప్రేమతోనే చెప్పి ఉంటారు, మన ఊళ్లలో తరతరాలుగా ఉన్న అలవాటే. కాని వద్దు. తల్లిపాలు బాబు కడుపుకు ఎంత మేలో చెప్పక్కర్లేదు. కంట్లో పోస్తే మాత్రం, ముందే దారి మూసుకున్న కంట్లో ఆ పాలు నిలిచి సూక్ష్మజీవులకు మేత అవుతాయి. మూసుకున్న నాళాన్ని అవి తెరవలేవు. ఆముదం, ఉల్లిరసం, తేనె కూడా అంతే. కాటుక కూడా కంటి లోపల పెట్టకండి, దిష్టికి కావాలంటే అరికాలికో నుదుటికో పెట్టుకోండి. నందివర్ధనం పూలు మూసిన రెప్పల మీద పెట్టుకుంటే చల్లగా హాయిగా ఉంటుంది, దానికి నాకు అభ్యంతరం లేదు. వాటి రసం పిండి కంట్లో పోయడమే వద్దంటాను.

పెద్దబాబుది ఎలర్జీ. ఎండలు ముదిరినప్పుడల్లా రావడం, రెండు కళ్లూ దురద పెట్టడం, తెల్లగా తీగలా సాగే పుసి, ఈ మూడూ కలిస్తే దాదాపు అదే. మన వేడి ప్రాంతాల్లో అయిదు నుంచి పదిహేనేళ్ల లోపు పిల్లల్లో, అందులోనూ మగపిల్లల్లో, ఇది ఎక్కువగా చూస్తాం. కొందరికి తెల్లగుడ్డు మట్టిరంగుకు తిరుగుతుంది, పై రెప్ప తిప్పి చూస్తే లోపల బొడిపెలు కనిపిస్తాయి. 'ఒంట్లో వేడి' అని మీవాళ్లు అన్నది ఇలాంటి పిల్లలను చూసే. ఎండాకాలంలో ఎక్కువవుతుందన్న గమనిక సరైనదే. కారణం మాత్రం ఒంట్లో వేడి కాదు, బయటి ఎండ, దుమ్ము, పుప్పొడి. మామిడిపండ్లు మానిపించి, సబ్జా నీళ్లు తాగిస్తే ఇది తగ్గదు. పిల్లవాణ్ని పండుకు దూరం చేయకండి.

మీరు కొంగుతో ఆ తీగను లాగుతున్నానన్నారు. ఇవాళ్టి నుంచి అది మానేయండి. కంటికి చికాకు కలిగితే జిగురు ఊరుతుంది. ఆ తీగను పట్టి లాగితే పైపొర ఇంకా రేగి, మరింత జిగురు ఊరుతుంది. అది మళ్లీ లాగాలనిపిస్తుంది, మళ్లీ ఊరుతుంది. పుసి తగ్గకపోవడానికి ఈ లాగడమే కారణమైన వాళ్లను ఎందరినో చూశాను. మూలకు వచ్చి బయట నిలిచినదాన్ని శుభ్రమైన తడి గుడ్డతో అద్దితే చాలు, కంటి లోపలికి వేలుగాని గుడ్డగాని పోకూడదు. నులమడం మాన్పించడం దీనికన్నా ముఖ్యం. ఏళ్ల తరబడి గట్టిగా నులిమితే నల్లగుడ్డు పలచబడి ముందుకు పొడుచుకొస్తుంది, దాన్ని కెరటోకోనస్ అంటారు, చూపు వంకరపోతుంది. 'నులమకురా' అని గదిమితే ఎనిమిదేళ్లవాడు ఆగడు. చేతికి ప్రత్యామ్నాయం ఇవ్వాలి. దురద పుట్టగానే చన్నీళ్లలో తడిపి పిండిన గుడ్డ మూసిన కళ్ల మీద పెట్టడం నేర్పండి. బడికి టోపీ పెట్టి పంపండి, ఆటల నుంచి రాగానే ముఖం కడిగించండి. దురద తగ్గించే ఓలోపటడిన్ లాంటి చుక్కలు డాక్టరు రాస్తారు. సీజన్ అంతా వేసినా వాటికి స్టెరాయిడ్ ప్రమాదం ఉండదు. బాగా ముదిరినప్పుడు కొద్ది రోజులు స్టెరాయిడ్ కూడా ఇవ్వొచ్చు, కాని ఎప్పుడు ఆపాలో చెప్పి ఇస్తారు. ఇది ఎవరికీ అంటుకోదు, బడి మాన్పించక్కర్లేదు. పెద్దయ్యే కొద్దీ చాలామందికి అదే తగ్గిపోతుంది. అప్పటిదాకా కన్ను చెడకుండా కాపాడుకోవడమే మన పని.

మీ అత్తమ్మగారికి రెండు బాధలున్నాయి. వెంట్రుకల మొదళ్లలో పొట్టు కట్టడం రెప్ప అంచుల వాపు, బ్లెఫరైటిస్ అంటారు. నూనె గ్రంథుల నోళ్లు మూసుకుపోతాయి, అంచులు ఎర్రబడతాయి, ఇసుక పడ్డట్టు గరగరలాడుతుంది. దీనికి రోజూ చేసే శుభ్రతే అసలు మందు. ఓర్చుకోగలిగినంత గోరువెచ్చటి నీళ్లలో గుడ్డ ముంచి పిండి, మూసిన రెప్పల మీద అయిదు నుంచి పది నిమిషాలు పెట్టాలి, చల్లారితే మళ్లీ ముంచాలి. తర్వాత రెప్పలను అంచుల వైపుకు మెల్లగా నొక్కుతూ జార్చితే గడ్డకట్టిన నూనె బయటికి వస్తుంది. కప్పు గోరువెచ్చటి నీళ్లలో రెండు చుక్కల బేబీ షాంపూ కలిపి, దూదిపుల్లతో వెంట్రుకల మొదళ్లు తుడవాలి. వారంలో తేడా తెలుస్తుంది. తగ్గింది కదా అని మానేస్తే మళ్లీ వస్తుంది.

రెండోది దీనికన్నా పెద్దది. ముక్కు పక్కన నొక్కితే చీము రావడమంటే కన్నీటి సంచిలో ఇన్‌ఫెక్షన్ నిలిచి ఉందని అర్థం. నాళం కింద మూసుకుపోయింది. నడివయసు దాటిన ఆడవాళ్లలో ఇది ఎక్కువ. చుక్కలు వేస్తే పైపైన తగ్గుతుందేగాని లోపలి చీముగుంట అలాగే ఉంటుంది, ఏడాదిగా వచ్చిపోతూ ఉన్నది అందుకే. పెద్దవాళ్లకు మర్దనతో తెరుచుకోదు. కన్నీటి సంచి నుంచి ముక్కులోకి కొత్త దారి చేస్తారు, డీసీఆర్ ఆపరేషన్ అంటారు.

శుక్లం ఆపరేషన్ తేదీ పెట్టుకునే ముందు ఈ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి. సంచిలో చీము ఉండగా కన్ను తెరిచి ఆపరేషన్ చేస్తే ఆ సూక్ష్మజీవులు కంటి లోపలికి పోయి కన్నే పోయే ప్రమాదం ఉంది. అందుకే చాలాచోట్ల శుక్లానికి ముందు కన్నీటి దారిలోకి నీళ్లు ఎక్కించి, గొంతులోకి దిగుతున్నాయో లేదో చూస్తారు. క్యాంపుల్లో హడావుడిగా ఉన్నప్పుడు మీ అత్తమ్మ మొహమాటపడి 'కొంచెం నీరు కారుతుంది అంతే' అంటారేమో. మీరు పక్కన ఉండి చీము వస్తోందని చెప్పండి. ముందు దీని పని చూసుకుని, శుక్లం తర్వాత తీయించుకుంటే ఏమీ మించిపోదు. షుగర్ అదుపులో ఉందో లేదో కూడా చూపించుకోవాలి, ఎక్కువగా ఉంటే ఇన్‌ఫెక్షన్ మొండికేస్తుంది.

అంటుకునే పుసి వేరే ఉంది, అది మీకు తెలిసిన కళ్లకలకే. 2023 వానాకాలంలో రెండు రాష్ట్రాల్లోనూ బళ్లకు బళ్లు ఎర్రకళ్లతో నిండిపోవడం మీకు గుర్తుండే ఉంటుంది. వైరస్ వల్ల వచ్చే కలకలో నీరు ఎక్కువ, పుసి తక్కువ. ఒక కంటితో మొదలై రెండు మూడు రోజుల్లో రెండో కంటికి వస్తుంది. జలుబు, గొంతునొప్పి, చెవి ముందు చిన్న బిళ్ల కట్టడం తోడుగా ఉండొచ్చు. వారం నుంచి రెండు వారాల్లో, ఒక్కోసారి ఇంకాస్త ఆలస్యంగా, అదే తగ్గుతుంది. యాంటీబయాటిక్ దాని మీద పనిచేయదు. బ్యాక్టీరియా వల్ల వస్తే పచ్చటి చిక్కటి పుసి రోజంతా కారుతుంది, తుడిచిన గంటకే మళ్లీ నిండుతుంది. దానికి యాంటీబయాటిక్ చుక్కలు పనిచేస్తాయి. రెండూ చూపుతో అంటుకోవు, చేతులతో, తువ్వాలుతో, దిండు గలేబుతో అంటుకుంటాయి. నల్లద్దాలు పెట్టుకుంటే వెలుతురు బాధ తగ్గుతుందేగాని ఎదుటివాళ్లకు రక్షణ కాదు. ఇంట్లో ఎవరికైనా వస్తే వాళ్ల తువ్వాలు, దిండు వేరు చేయండి. సీసా ఎవరిది వాళ్లకే ఉండాలి. మూతి కంటికి తగిలిందంటే ఒకరి చీము ఇంకొకరి కంట్లోకి పోతుంది. మీ అత్తమ్మకు వేసిన సీసానే బాబుకూ వేశారు కదా, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. తెరిచి నెల దాటిన సీసా ఎంత మిగిలినా పారేయండి.

మీది వ్యవసాయం చేసే ఊరు కాబట్టి ఇంకొకటి. కోతలప్పుడు వరి ఆకు కోసుకున్నా, ఊక పడినా, మిరప పుల్ల గుచ్చుకున్నా, రెండు మూడు రోజులకు కన్ను ఎర్రబడి, నొప్పి పుట్టి, చూపు మసకబారితే అది మామూలు పుసి కాదు. నల్లగుడ్డు మీద పుండు. అద్దంలో చూస్తే నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ కనిపించొచ్చు. మన పొలాల్లో తగిలే దెబ్బలకు తరచూ బూజు జాతి శిలీంధ్రం పడుతుంది. అలాంటి కంట్లో మీ దగ్గరున్న స్టెరాయిడ్ చుక్కలు వేస్తే అది ఇంకా రెచ్చిపోతుంది. నొప్పి తగ్గినట్టు అనిపిస్తుంది, లోపల పుండు పాకుతుంది. పల్లెల్లో 'కంట్లో పువ్వు వేసింది' అని చూపు పోగొట్టుకున్నవాళ్లలో ఎందరో ఇలా ఆలస్యమైనవాళ్లే. అలాంటప్పుడు కట్టు కట్టకుండా, ఆకుపసరు పోయకుండా అదే రోజు కంటి ఆసుపత్రికి వెళ్లాలి. కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునేవాళ్లకు కన్ను ఎర్రబడి పుసి కట్టినా ఇదే మాట, ముందు లెన్సు తీసేసి, దాన్ని డబ్బాతో సహా తీసుకుని వెళ్లాలి.

ఎక్కడికి వెళ్లాలంటారేమో. ఖమ్మంలో ప్రభుత్వ ఆసుపత్రి కంటి విభాగంతో మొదలుపెట్టండి. రెండు తెలుగు రాష్ట్రాల్లో చాలాచోట్ల ఎల్.వి. ప్రసాద్ కంటి సంస్థ వాళ్ల విజన్ సెంటర్లు ఉన్నాయి, దగ్గర్లో ఉంటే అక్కడ చూసి అవసరమైతే పెద్దాసుపత్రికి పంపుతారు. హైదరాబాద్ దాకా రావాల్సి వస్తే మెహిదీపట్నంలో సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రి ఉంది. ముగ్గురినీ ఒకేరోజు తీసుకెళ్తే మీకు కూలి పోయేది ఒక్కరోజే. పెద్దబాబుకు కనుపాప పెద్దదయ్యే చుక్కలు వేస్తారు, కొన్ని గంటలు, ఒక్కో మందుకు ఇంకా ఎక్కువసేపు, దగ్గరివి మసకగా కనిపిస్తాయి, ఎండ పడదు. పరీక్షలున్న రోజు కాకుండా చూసుకుని, టోపీ వెంట పెట్టుకోండి. అత్తమ్మగారి షుగర్ రిపోర్టు, ఆమె వాడే మాత్రల చీటీ మర్చిపోకండి. వెళ్లే రోజు పొద్దున్న ఆమె కంటి మూల నొక్కి చీము ఖాళీ చేయకండి, డాక్టరు తన చేత్తో నొక్కి చూడాలి.